వీసమంత అరుగుదల

"క్యాసెట్ పోయింది" అన్నాను గుమ్మంలో అడుగు పెడుతూనే.

"ఏ క్యాసెట్టూ? ఘంటసాల భగవద్గీతా? టేప్‌రికార్డరే పోయి పదేళ్లయింది, ఇప్పుడు క్యాసెట్ పోతే ఏం?" అంది మా ఆవిడ వంటింట్లోంచే. ఆ మాటంటూ బయటికొచ్చి, చిరిగిన ప్యాంటూ, నెత్తురోడుతున్న మోకాలూ చూసి మరి మాట్లాడలేదు. దూది కోసం పరిగెత్తింది.

పోయింది పాటల క్యాసెట్ కాదు, సైకిలుది. మామూలు సైకిలుకి వెనక ఒకటే పళ్ల చక్రం ఉంటుంది. దాని కడుపులోనే 'టిక్ టిక్'మనే యంత్రం. తొక్కితే పట్టుకుంటుంది, ఆపితే వదిలేస్తుంది. దాన్నే ఫ్రీవీలు అంటాం. చవక గేరు సైకిళ్లకీ చాలావాటికి అదే పద్ధతి, పళ్ల చక్రాలే ఆరో ఏడో ఉంటాయి. కాస్త మెరుగైన గేరు సైకిళ్లలో మాత్రం ఆ పట్టూ విడుపుల యంత్రం చక్రం మధ్యలో ఉండే హబ్‌లోకి వెళ్లిపోయింది. పళ్ల చక్రాలన్నీ ఒక గుత్తిగా ఊడదీసి మార్చుకునేలా వచ్చాయి. ఆ గుత్తే క్యాసెట్. జపాన్‌లో కత్తులకి పేరుపడ్డ సకాయ్ ఊళ్లో 1921లో షిమానో షోజబురో అనే ఆయన పెట్టిన ఇనప పనుల కార్ఖానా మొట్టమొదట చేసింది ఫ్రీవీలేనట. ఇవాళ గేరు సైకిళ్ల సామాన్లంటే ముందు వినిపించే పేరు ఆ కంపెనీదే. ఇదంతా నాకు ముందు నుంచీ తెలుసనుకునేరు. మోకాలు పగిలాక తెలుసుకున్నాను.

యాభై మూడో ఏట, 2022లో, షుగరొచ్చింది. డాక్టరు నడవమన్నాడు. నడక నాకు విసుగు. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి గేరు సైకిలు కొనిపెట్టి వెళ్లాడు. ముందు రెండు, వెనక తొమ్మిది పళ్ల చక్రాలు. రోజూ తెల్లవారుజామున బెజవాడ సత్యనారాయణపురంలో బయల్దేరి, ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా వెళ్లి రావడం అలవాటైంది. రానూపోనూ ఇరవై కిలోమీటర్లు. షుగరు దిగింది, పొట్టా తగ్గింది. బ్యారేజీ మీద కృష్ణగాలి తగులుతుంటే పదో తరగతి కుర్రాణ్ణయిపోయినట్టుండేది.

ఏడాది తిరక్కుండా గొలుసు జారడం మొదలైంది. గట్టిగా తొక్కితే 'టక్'మని ఒక పన్ను దాటేసేది. ఒక పెద్ద షోరూంకి తీసుకెళ్లాను. "మీ సైకిలుకి వచ్చింది బేసిక్ క్యాసెట్ సార్. మంచిది వేయించుకోండి" అన్నాడు అక్కడి కుర్రాడు. చవకది పద్దెనిమిది వందలు. అతను చూపించిన మంచిది నాలుగు వేల ఏడు వందలు. కొత్త గొలుసు తొమ్మిది వందలు. క్షణం ఆలోచించకుండా ఖరీదైనదే వేయించాను. చవకది కొనకూడదన్నది నా జీవిత సూత్రం. దానికో కథ ఉంది. మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథ.

1984 మార్చి. పదో తరగతి లెక్కల పరీక్ష. మా ఊరి నుంచి తెనాలికి పదకొండు కిలోమీటర్లు. ఆ పొద్దున బస్సు రాలేదు. నాన్న ప్రైమరీ స్కూలు మాస్టారు. సైకిలు తీసి, నన్ను వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఇంకో మూడు కిలోమీటర్లుందనగా ఫ్రీవీలు పట్టు వదిలేసింది. నాన్న తొక్కుతున్నాడు, పెడళ్లు తిరుగుతున్నాయి, చక్రం మాత్రం కదలదు. గాలిలో తొక్కినట్టే. ఆయన దిగి, నన్ను దిగనివ్వకుండా, హ్యాండిల్ పట్టుకుని పరిగెత్తాడు. పంచె ఎగ్గట్టుకుని, ఎర్రటెండలో, మూడు కిలోమీటర్లు. పరీక్ష హాల్లోకి వెళ్లేసరికి ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యం. ఆఖర్న రెండు లెక్కలు ముట్టుకోలేదు. మూడు మార్కుల్లో ఫస్టు క్లాసు తప్పింది.

అంతకు ముందేడు నాన్న ఆ ఫ్రీవీలుని కంపెనీదాని ధరలో సగానికి కొన్నాడు. పరీక్ష నుంచి బయటికొచ్చి నేనన్న మొదటి మాట, "చవకది కొన్నావు కాబట్టే ఇలా అయింది." చెమటకి తడిసిన చొక్కాతో చెట్టు కింద నిలబడి ఉన్నాడు నాన్న. "నిజమేరా అబ్బాయ్" అన్నాడు. అంతే.

ఈ కథ నలభై ఏళ్లుగా చెబుతున్నాను. ఫ్యాను కొన్నా, మిక్సీ కొన్నా, పిల్లలకి బూట్లు కొన్నా ఇదే కథ. ఎప్పుడూ ఆ చెట్టు దగ్గరే ఆపేస్తాను.

సరే, నాలుగు వేల ఏడు వందల క్యాసెట్ పద్నాలుగు నెలలు నడిచింది. ఆ తర్వాత, 2024లో ఒక పొద్దున ఉండవల్లి దారిలో చిన్న ఎత్తు ఎక్కుతూ లేచి నిలబడి తొక్కాను. గొలుసు జారింది. పెడల్ ఒక్కసారిగా కిందికి పడిపోయి, నేను హ్యాండిల్ మీదుగా రోడ్డు మీద పడ్డాను. వెనక వస్తున్న ఆటో అతను సడన్ బ్రేకు వేశాడు కాబట్టి ఇది రాయడానికి ఉన్నాను. చక్రం నా తలకి జానెడు దూరంలో ఆగింది.

సాయంత్రం అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నా, ఈసారి ఇంకా మంచిది తెప్పిస్తాను, తొమ్మిది వేలది. నువ్వేగా చెబుతావు చవకవి కొనద్దని!" అన్నాడు. నా కథ నాకే అప్పజెప్పాడు.

షోరూంకి వెళ్లడానికి మనసొప్పక, మర్నాడు వన్‌టౌన్‌లో పాత సైకిల్ షాపుకి నడిపించుకుంటూ తీసుకెళ్లాను. నాలుగడుగుల కొట్టు. పెద్దాయన పంక్చర్ వేస్తున్నాడు. గేరు సైకిలు గురించి ఈయనకేం తెలుస్తుందిలే అనుకుంటూనే జరిగింది చెప్పాను. ఆయన క్యాసెట్ వైపు చూడనేలేదు. గొలుసుని వేళ్లతో పట్టుకుని చూసి అడిగాడు.

"గొలుసు మార్చి ఎన్నాళ్లయింది సార్?"

"క్యాసెట్‌తో పాటే వేశారండీ. పద్నాలుగు నెలలు."

"అప్పట్నుంచీ ఇదేనా? తుడవడం, ఆయిలు?"

నేను మాట్లాడలేదు.

ఆయన స్టీలు స్కేలు తీసి గొలుసుకి ఆనించాడు. సైకిలు గొలుసులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి సరిగ్గా అర అంగుళం. కాబట్టి కొత్త గొలుసులో ఒక పిన్ను మధ్య దగ్గర సున్నా పెడితే, అక్కణ్ణుంచి ఇరవై నాలుగో పిన్ను మధ్య పన్నెండో అంగుళం గీత మీద పడాలి. వాడేకొద్దీ పిన్నులు అరిగి గొలుసు సాగుతుంది. ఆ ఇరవై నాలుగో పిన్ను గీతని అంగుళంలో పదహారో వంతు దాటిందా, గొలుసు మార్చెయ్యాలి. పదహారో వంతంటే వీసం. నాన్న బడిలో పిల్లల చేత వల్లె వేయించిన వీసం ఎక్కాలు అక్కడ గుర్తొచ్చాయి. వీసం దగ్గర మారిస్తే తొమ్మిది వందలతో పోతుంది. రెండు వీసాలు దాటితే సాగిన గొలుసు పళ్లని కూడా తనకి తగ్గట్టు అరగదీసేస్తుంది. అప్పుడు కొత్త గొలుసు వేసినా ఆ పళ్ల మీద నిలవదు, జారుతుంది. నా గొలుసు రెండు వీసాలు ఎప్పుడో దాటింది.

"మరి ఖరీదైన క్యాసెట్ కదండీ ఇది?" అన్నాను, ఇంకా ఆశ చావక.

ఆయన క్యాసెట్ ఊడదీసి గుడ్డ మీద పెట్టాడు. "ఇవిగో చూడండి, ఈ పెద్ద చక్రాలు రెండూ అల్యూమినియం. బరువు తగ్గడానికి. మీరు కట్టిన డబ్బులో చాలా భాగం వీటికే. వీటి మీద గీత కూడా పడలేదు. మీరు కొండలెక్కరు కదా! అరిగింది ఈ చిన్నవి. ఇవి ఉక్కువే. చవక క్యాసెట్‌లోనూ ఉక్కే."

చిన్న చక్రాలే ముందు అరగడానికి కారణం కూడా చెప్పాడు. పదకొండు పళ్ల చక్రం మీద బరువంతా అయిదారు పళ్లే మోస్తాయి. ముప్ఫై పళ్లదాని మీదైతే పది పదిహేను పళ్లు పంచుకుంటాయి. పైగా చిన్నది ఎక్కువసార్లు తిరుగుతుంది. నేనేమో బలం చూపించుకోవడానికి ఎప్పుడూ చిన్న పళ్ల మీదే తొక్కేవాణ్ణి.

అంటే పందేలకి వెళ్లేవాళ్లు గ్రాముల లెక్కన బరువు తగ్గించుకోవడానికి కొనే సరుకుని, ఉండవల్లి దాకా వెళ్లొచ్చే నేను ఎక్కువకాలం మన్నుతుందని కొన్నాను. చవకవన్నీ మంచివని కాదు. పేరూ ఊరూ లేనివి, పళ్లు సమానంగా లేనివీ అమ్ముతారు, వాటి జోలికి పోకూడదు. కానీ పేరున్న కంపెనీ అడుగు మెట్టు క్యాసెట్, అచ్చంగా ఉక్కుతో చేసింది, మనలాంటివాళ్లకి చాలు. పెద్దాయన లెక్క ప్రకారం మన దుమ్ములో గొలుసు మూడు వేల కిలోమీటర్లు వస్తుంది. వేళకి మారిస్తే ఒక క్యాసెట్ మీద మూడు గొలుసులు నడుస్తాయి. పద్దెనిమిది వందల క్యాసెట్, మూడు గొలుసులకి రెండు వేల ఏడు వందలు, మొత్తం నాలుగున్నర వేలు. తొమ్మిది వేల కిలోమీటర్లు. కిలోమీటరుకి అర్ధ రూపాయి. నేను అయిదు వేల ఆరు వందలు పెట్టి ఏడు వేల కిలోమీటర్లు తిరిగాను. కిలోమీటరుకి ఎనభై పైసలు. పగిలిన మోకాలు అదనం.

"సరుకు మంచిదే సార్. చూసుకోవాలంతే" అన్నాడు పెద్దాయన చేతులు తుడుచుకుంటూ.

ఆ మాట నేను ఇంతకు ముందు విన్నాను. సరిగ్గా ఆ మాటే.

1984లో, ఆ పరీక్ష రోజు సాయంత్రం. కథలో నేనెప్పుడూ చెప్పని భాగం అదే. తెనాలి నుంచి సైకిలు నడిపించుకుంటూ వచ్చి మా ఊరి సెంటర్లో సైకిల్ షాపు దగ్గర ఆగాం. షాపతను ఫ్రీవీలు విప్పి పాత పేపరు మీద కుమ్మరించాడు. ఇటుకపొడిలా ఎర్రగా తుప్పు రాలింది. లోపల గోరంత ఇనప ముక్కలు రెండుంటాయి. వాటిని వెంట్రుకంత స్ప్రింగులు పైకి లేపుతుంటేనే అవి పళ్లని పట్టుకునేది. తుప్పుకి అవి బిగుసుకుపోయి లేవటం లేదు.

"మాస్టారూ, సరుకు మంచిదేనండీ. కార్తీకంలో వాన నీళ్లు దిగుంటాయి. దీంట్లో నూనె చుక్క పడి ఎన్నాళ్లయింది?"

ప్రతి ఆదివారం ఆ సైకిలు తుడిచి, ఫ్రీవీలు సందులో రెండు చుక్కలు నూనె వెయ్యడం మా ఇంట్లో నా పని. 1983లో కపిల్‌దేవ్ కప్పు తెచ్చినప్పట్నుంచీ ఊళ్లో ఆదివారమంటే క్రికెట్టే. "వేశావుట్రా?" అని నాన్న అడిగేవాడు. "వేశా నాన్నా" అనేవాణ్ణి, బ్యాటు చంకలో పెట్టుకుని. ఆ శీతాకాలమంతా ఒక్క చుక్కా వెయ్యలేదు.

షాపతను అడిగినప్పుడు నాన్న నా వైపు చూస్తాడని గుండె బిగబట్టుకుని నిలబడ్డాను. ఆయన చూడలేదు. ఆ ఎర్రటి పొడి వైపే చూస్తూ, "మేమే మర్చిపోయామయ్యా" అన్నాడు.

నువ్వని కాదు, వీడని కాదు. మేము.

షాపతను దాన్ని కిరసనాయిల్లో కడిగి మళ్లీ బిగించాడు. కొత్తది కొనలేదు. నేను చవకదని తిట్టిన ఆ ఫ్రీవీలే, నేను డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరేదాకా తిరిగింది. తర్వాతి ఆదివారం నూనె వెయ్యమని నాన్న నన్ను అడగలేదు. తనే పీట వేసుకుని కూర్చుని వేసుకున్నాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. అరిచి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. నాన్న పోయి పదకొండేళ్లయింది. నూనె వెయ్యలేదని ఆయనకి నేను చెప్పనేలేదు.

పద్దెనిమిది వందల క్యాసెట్, కొత్త గొలుసు వేయించుకుని ఇంటికొచ్చాను. అబ్బాయికి ఫోన్ చేసి తొమ్మిది వేలది వద్దన్నాను. ఎందుకన్నాడు. కథ మళ్లీ చెప్పాను. ఈసారి చెట్టు దగ్గర ఆపకుండా సైకిల్ షాపు దాకా చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"తాతయ్యకి తెలుసు కదా నాన్నా?"

"తెలుసురా."

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే సైకిలు పెరట్లో పెడతాను. పాత పంచె గుడ్డతో గొలుసు తుడుస్తాను. ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క, సన్నటి ఆయిలు. మోటారు బండిలోంచి తీసిన నల్ల ఆయిలు వాడను, అది దుమ్ముని పట్టి ఉంచుతుంది. పది నిమిషాలాగి పైపైన ఉన్నదంతా తుడిచేస్తాను. ఆయిలు పని లోపల, పైన కాదు. వానలో తడిస్తే ఆదివారం దాకా ఆగను. నెలకోసారి స్కేలు పెట్టి చూసి, గోడ మీది క్యాలెండర్లో తేదీ పక్కన రాస్తాను.

మొన్న ఆదివారం కూడా చూశాను. ఇరవై నాలుగో పిన్ను గీత దాటి కాస్త పక్కకి జరిగింది. వీసం ఇంకా కాలేదు.