రిమోట్ లేకుండా నడిచిన మన రోబో



"ఏజెన్సీ పిల్లలకు లెక్కలు ఎక్కవు, ఎంపీసీ జోలికి పోకండి" అనే మాట మనలో చాలామంది విన్నదే. అది నమ్మి పది తర్వాత ఇష్టం లేని గ్రూపులో చేరినవాళ్లు మాలోనూ ఉన్నారు. అందుకే హాస్టల్ తమ్ముళ్లతో కలిసి చేసిన ఈ చిన్న పని గురించి రాస్తున్నాం.

సంతలో కొన్న బొమ్మ రోబో అది. రిమోట్ పోయింది గానీ చక్రాలు, రెండు మోటార్లు బాగానే ఉన్నాయి. లోపలి రేడియో బోర్డు తీసేసి ఆర్డుయినో ఊనో, మోటార్లకు ఎల్298ఎన్ డ్రైవర్, ముందువైపు హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ పెట్టాం. మోటార్లు కదిలేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతాయి, డ్రైవర్ కూడా దాదాపు 2 వోల్టులు తినేస్తుంది. కాబట్టి బోర్డుకు వేరే బ్యాటరీ ఇచ్చి, గ్రౌండ్ వైర్లు మాత్రం కలిపాం.

సెన్సర్ చేసే పని మనకు కొత్తేం కాదు. కొండకెదురుగా కేకేస్తే తిరిగొస్తుంది కదా, అదే. చెవికి వినపడని శబ్దం పంపి, తిరిగొచ్చేదాకా పట్టిన టైం చెప్తుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పోవడం, రావడం రెండూ ఉన్నాయి కాబట్టి సగం చేయాలి. 1000 మైక్రోసెకన్లు పడితే అడ్డు సుమారు 17 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. 20 కన్నా తగ్గితే ఆగు, వెనక్కి రా, పక్కకు తిరుగు. ప్రోగ్రామంతా ఇంతే. వేలాడే దుప్పటి శబ్దాన్ని పీల్చేస్తుంది, అందుకని ముందు ఒక నొక్కుడు స్విచ్ కూడా పెట్టాం.

ఈ లెక్క కట్టింది తొమ్మిదో తరగతి తమ్ముడు. మరి ఇవి లెక్కలు కావా?

పది రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఏ గ్రూపు తీసుకోవాలో మీ ఇష్టం. ఎవరో అన్నారని మాత్రం వదిలేయకండి.