నాటు అనే మాట

సినిమా పాటకు జనాదరణ ఉందంటే అందులో సాహిత్యం లేదనుకోవడం మన విమర్శకులకు పాత అలవాటు. బహుమతి వచ్చిందంటే ఉందనుకోవడం పత్రికలకు అలవాటు. ఈ రెండు పక్షాలవారూ పాటలోని మాటలను చదవరు.

2023 మార్చి 12న ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలోని ‘నాటు నాటు’కు ఆస్కారు వచ్చింది. భారతీయ చిత్రంలోని పాటకు ఆ బహుమతి రావడం అదే మొదలు. (2009లో వచ్చినది బ్రిటిష్ చిత్రానికి.) స్వరపరిచిన కీరవాణికీ, రాసిన చంద్రబోసుకూ కలిపి ఇచ్చారు. వేదికమీద కీరవాణి ఒక ఇంగ్లీషు పాట వరసలో కృతజ్ఞత చెప్పుకున్నారు. చంద్రబోసు నమస్తే అన్నారు. ఆ పాటలో మాటలకు లోకం ఇచ్చిన వాటా కూడా దాదాపు అంతే.

ఆ రోజుల్లో నా తరగతి విద్యార్థులను ఆ పాట కాగితంమీద రాయమన్నాను. నలభైమందిలో దాని అడుగులు తెలియనివారు లేరు. పల్లవి దాటి రాసినవారు అయిదారుగురు. కవి పేరు చెప్పినవారు ఇద్దరు. పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. పాట వాళ్ళకు చేరిందే అలాగ: సెల్‌ఫోనులో కొద్ది సెకండ్ల తునక, రెండు జతల కాళ్ళు. జనాదరణ లెక్కకూడా అలాగే ఉంది. స్పాటిఫైలో 30 సెకండ్లు వింటే ఒకసారి విన్నట్టు జమకడతారు. చివరి చరణందాకా విన్నవాడూ, మధ్యలో వదిలేసినవాడూ ఆ పద్దులో ఒక్కటే. ఈ వారం అగ్రస్థానం ఫలానా పాటది అని మనం చదివే జాబితాలు ఇటువంటి పద్దులనుంచే పుడతాయి.

ఇంతకూ ఆ చరణాల్లో ఏముంది? గిత్త, గట్టు, జాతర, మర్రిచెట్టు, జొన్నరొట్టె, మిరపతొక్కు. పాశ్చాత్య నృత్యాలు రావని దొర ఎగతాళి చేసినందుకు జవాబుగా ఊరి సామానంతా రాజభవనం ముంగిట్లోకి వస్తుంది. (ఆ భవనం కీవు నగరంలో ఉంది. 2021లో అక్కడ చిత్రీకరణ జరిగింది. 2022 ఫిబ్రవరిలో ఆ నగరంమీద బాంబులు పడ్డాయి.) నాటు అన్న మాటను మనం ఎక్కడ వాడతామో చూడండి: నాటుసారా, నాటువైద్యం, నాటుబాంబు. ఒక్క నాటుకోడికే కాస్త గౌరవం, అదీ ధర పెరిగాక. చదువుకున్నవాడు చదువులేనివాడిమీద వేసిన ముద్ర అది. పాట ఆ ముద్రనే తలకెత్తుకుంది. పాల్కురికి సోమన జానుతెనుగు గురించీ, మార్గ దేశి భేదం గురించీ ఎం.ఏ.లో మాకు పుటలకొద్దీ చెప్పారు. ఆ తగాదా పన్నెండు పదమూడు శతాబ్దాలతో తీరిపోయినట్టే చెప్పారు. పాటను పూర్తిగా రాసిన ఆ కొద్దిమందిలో ఒక అమ్మాయిది ఆదిలాబాదు వైపు పల్లె. ఆమె నోరు విప్పితే నాటు అని తోటివారు నవ్వుతారు. ఈ పాటకు అందరికంటే హుషారుగా చిందులేసేవారు వాళ్ళే.

అంతమాత్రాన దీన్ని విప్లవగీతమని నేననను. కొమురం భీం 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చింది అడవికోసం, భూమికోసం, నిజాం సర్కారుతో పోరాడి. చిత్రంలో ఆ పోరాటమంతా తెల్లదొరమీదికి మళ్ళిపోయింది. పాటలో జొన్నరొట్టె ఉంది గాని జొన్నచేను ఎవరిదన్న ప్రశ్న లేదు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’కు శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ బహుమతి వచ్చింది. అక్కడున్నది పిలుపు. ఇక్కడున్నది పందెం.

బహుమతికంటే పెద్ద వార్త ఒకటి 2012లో వచ్చింది, దానికి ఊరేగింపులు జరగలేదు. ఆ ఏటి కాపీరైటు సవరణ ప్రకారం, సినిమాహాలు బయట పాటను వాడుకున్నప్పుడల్లా రాయల్టీలో కవికీ, స్వరకర్తకూ వాటా ఉంటుంది. ఆ హక్కు వదులుకుంటున్నానని నిర్మాత కాగితం రాయించుకున్నా చెల్లదు. కూలి రేటు తెలియకుండా శ్రమ గురించి మాట్లాడే అలవాటు మనకు లేదు గదా. ఒక్కొక్క 30 సెకండ్లకూ జమపడే పైసల్లో చల్లగరిగె గ్రామంనుంచి వచ్చిన చంద్రబోసుకు చేరేది ఎంతో ఏ అగ్రస్థానాల జాబితాలోనూ అచ్చుకాదు.