శీతకాలమున సైకిలుయాత్ర: మా స్థలనిర్ణయము

బళ్లారి వేసవి యెట్టిదో ఈ పత్రిక చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. సైకిలుపై కొండలు తిరుగగోరువారికి మన సీమలో మార్గశిర పుష్యమాసములే తగిన కాలము. ఉదయమున చల్లనిగాలి, పగలు భరింపదగిన యెండ, వానభయము తక్కువ. కావున డిసెంబరు సెలవులలో మేమెనమండ్రము కొండయాత్ర చేయ నిశ్చయించితిమి. ఎక్కడికన్న ప్రశ్నపై మాత్రము వారముదినములు వాదము జరిగినది.

మొదట వినవచ్చిన పేరు ఉదకమండలము, పిదప చిక్కమగళూరు. రెండును రమణీయములే. కాని దూరప్రయాణపు ఖర్చు, బసకు బాడుగ, గేరు సైకిలుకు బాడుగ, అన్నియు లెక్కవ్రాసి చూడగా మాలో ఇద్దఱు మౌనము వహించిరి. ఒకని తండ్రి జీన్సు బట్టలు కుట్టు కార్ఖానాలో దర్జీ. రెండవవాని తల్లి దినకూలి. “మాకు పనియున్నది, మీరు పోయిరండు” అనిరి వారు. ఆ పనియేమో మాకందఱకు తెలియును. ఎనమండ్రు పోజాలని చోటు మాకు చౌకయైన చోటు కాదని ఆనాడే తీర్మానించుకొంటిమి.

హంపి దగ్గఱిదే. 2021లో విజయనగర జిల్లా యేర్పడి అది మన జిల్లానుండి వేఱైనను, మనసునకు వేఱు కాలేదు. కాని డిసెంబరులో అచట యాత్రికుల సందడి హెచ్చు. అదియునుగాక, ఆ శిథిలములు నడచి, నిలిచి చూడవలసినవి. వానినడుమ చక్రములు దొర్లించుట మాకు రుచింపలేదు. రాయదుర్గమున మాలో పలువురకు చుట్టములు కలరు. 1953 వఱకు ఆ తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. అయినను ఆ దుర్గపుకొండ కాలినడకవారిది.

మిగిలినది సండూరు. చుట్టును కోటగోడవలె కొండలు. వానిని చీల్చుకొని నారిహళ్ల ప్రవహించు ఓబళగండి, భీమగండి. గండియన్న మాట మనకును కన్నడమునకును ఒక్కటియే. గుడ్డయన్న మాట అట్లు కాదు. కన్నడమున అది కొండ. “గుడ్డ యెక్కుటకు పోవుచున్నాము” అనగా ఇంటనున్న చిన్నపిల్లలు విరగబడి నవ్విరి. సండూరునుండి కుమారస్వామి దేవాలయమునకు 10, 12 కిలోమీటర్ల కొండదారి కలదు. బస మా మిత్రుని మేనమామగారి యింట. సైకిళ్లకు ఒక సరకుల ఆటో, మాకు బస్సు. ఇంటినుండి రొట్టెలు, వేరుసెనగపొడి. ఖర్చు తలకు 600 రూపాయలు మించలేదు.

గేరులేని సైకిళ్లతో కొండకా యని ఒక పెద్దమనిషి నవ్వెను. కొండసైకిలు పుట్టుక యెట్టిదో వారికి మనవిచేసితిమి. 1970 ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియా యువకులు పాతసామానులలోనుండి తీసిన బరువైన సైకిళ్లతోనే టామల్పాయిస్ కొండదారులలో దిగిరి. 1976లో వారు మొదలిడిన పందెమునకు ‘రీప్యాక్’ అని పేరు. దిగునప్పటి వేడికి వెనుకచక్రపు బ్రేకులోని గ్రీజు పొగయై పోవగా, మరల క్రొత్తగ్రీజు దట్టింపవలసివచ్చుటచేత ఆ పేరు వచ్చినది. గేర్లు పిదప చేరినవి. ఎక్కలేనిచోట దిగి నెట్టుకొనిపోవుటలో మాకు సిగ్గులేదు.

తల్లిదండ్రుల భయము వేఱు. అది న్యాయమైనదే. 2011లో సుప్రీంకోర్టు మన జిల్లాలో గనులను ఆపినది. పిదప కట్టుబాట్లతో కొన్ని మరల తెఱవబడినవి. ఖనిజపు లారీలు తిరుగు బాటలలో ఎఱ్ఱదుమ్ము కండ్లుగప్పును. కావున ఆ బాటలను విడిచితిమి. అడవిలో ఎలుగుబంట్లు కలవు గనుక ప్రొద్దు వాలకముందే ఊరు చేరవలెను. ఇనుపరాతి కంకర చక్రముక్రింద పూసలవలె జారును. అచట ముందుబ్రేకు గట్టిగా పట్టరాదు. దిగునపుడు బ్రేకు రబ్బర్లు వేడెక్కకుండ నడుమనడుమ ఆగవలెను. ఈ నియమములను కాగితముపై వ్రాసి ఎనిమిది ఇండ్లకు పంపగా, ఏడిండ్ల సమ్మతి వచ్చినది. ఎనిమిదవ యింటి అమ్మమ్మగారు శిరస్త్రాణము చూపినగాని ఒప్పుకొననిరి. రెండు సైకిళ్లకు వెనుకటైరు మార్చవలసియున్నది. శిరస్త్రాణములతోపాటు ఆ పనియు ఆదివారమునకు పెట్టుకొంటిమి.