కేప్ బెడ్‌ఫర్డ్ నుంచి వూరబిండాకు

ఆస్ట్రేలియా ఈశాన్య కొసన, క్వీన్స్‌లాండ్ తీరంలో, రంగురంగుల ఇసుక కొండల చోటు కేప్ బెడ్‌ఫర్డ్. అక్కడి లూథరన్ మిషన్‌లో బతుకుతున్న గూగు యిమిథిర్ ఆదివాసులను 1942 మే నెలలో లారీలెక్కించారు. జపాన్ దండు దిగుతుందేమోనన్న భయం. పైగా మిషన్ పెద్ద శ్వార్జ్ జర్మన్. 1887 నుంచీ అక్కడే ఉన్న ఆ ముసలి పాదిరిని నిర్బంధించారు. ఆయన మీద అనుమానం సరే. ఆయన నీడన పెరిగిన పాపానికి సుమారు 250 మందికి ఊరే లేకుండా పోయింది.

మొదటి మజిలీ కుక్‌టౌన్, ఎండీవర్ నది సముద్రంలో కలిసేచోటు. 1770లో జేమ్స్ కుక్ చిల్లుపడ్డ ఓడను బాగుచేసుకుంటూ ఏడు వారాలు ఆగింది ఇక్కడే. అప్పుడు ఆయన కలిసింది వీళ్ల పూర్వీకులనే. ఇప్పుడు వాళ్ల వారసులను అదే రేవులో పూన్‌బార్ అనే ఓడ ఎక్కించి కెయిర్న్స్‌కు తరలించారు. అక్కడి నుంచి రైలు. దారిలో ముసలివాళ్లను విడదీసి పామ్ ఐలండ్‌కు పంపేశారు. ముసలివాళ్లు శత్రువుకు ఏం సాయం చేస్తారనుకున్నారో!

రాక్‌హాంప్టన్ దాటాక దారి సముద్రాన్ని వదిలి లోనాడుకు తిరుగుతుంది. దాని చివర వూరబిండా. ఆ ఊరిదీ ఇదే కథ. డాసన్ నది మీద ఆనకట్ట కడతామని టరూమ్ శిబిరంలోని ఆదివాసులను ఖాళీ చేయించి, 1927 నాటికి ఇక్కడికి చేర్చారు. ఆనకట్ట మాత్రం కట్టనే లేదు. లేని ముంపుకు తరిమినవాళ్ల నడుమకు, రాని దండుకు భయపడి వీళ్లను తెచ్చారన్నమాట.

వెచ్చని సముద్రగాలికి అలవాటుపడ్డ ఒళ్లు లోనాటి చలికి తట్టుకోలేదు. జబ్బులు చుట్టుముట్టాయి. ఏడాది తిరగకముందే పదుల సంఖ్యలో చనిపోయారు. బతికిన మగవాళ్లకు పని దొరికింది: యుద్ధంతో కూలీలు కరువైన పొలాల్లో పంట కోతలకు వాళ్లను పంపారు. శత్రువుకు దారి చూపుతారని వెళ్లగొట్టినవాళ్లే దేశానికి తిండి పండించాల్సి వచ్చింది. సర్కారు అనుమానం ఎంత ఉత్తదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

1945లో యుద్ధం ముగిసినా ఉత్తరానికి దారి వెంటనే తెరుచుకోలేదు. 1949లో ముందుగా కొందరు వెళ్లి పనులు మొదలుపెట్టాకే కుటుంబాలు కదిలాయి. అదీ పాత చోటుకు కాదు; తీరానికి దూరంగా హోప్ వేల్ అనే కొత్త ఊరు కట్టుకున్నారు. ఆ నేల మీద గూగు యిమిథిర్ జనానికి అనాదిగా ఉన్న హక్కును ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు గుర్తించింది 1997 డిసెంబరులో.