సెక్టర్ 2లో రహీం సాబ్

సాయంత్రం అయిదు దాటగానే భిలాయి సెక్టర్ 2లో ఒక వీధి మలుపున, వేపచెట్టు కింది సిమెంటు బల్ల మీద నలుగురు వృద్ధులు చేరేవారు. ముగ్గురు తెలుగువారు, నాలుగవ ఆయన బెంగాలీ. నలుగురూ ఉక్కు కర్మాగారంలో జీవితం గడిపి విశ్రాంతి పొందినవారే. ఒకాయన శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి బ్లాస్ట్ ఫర్నేసు వేడికి ముప్పైఅయిదేళ్లు ఎదురు నిలిచినవాడు. మరొకాయనదీ ఆ జిల్లాయే. డ్రాయింగ్ ఆఫీసులో నక్షాలు గీశాడు. అందరిలోకీ పెద్దాయన సికింద్రాబాదు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగి, 1967లో ఇరవయ్యేళ్ల వయసున ఫిట్టరుగా ఇక్కడికి చేరినవాడు. బెంగాలీ ఆయనను అందరూ దాదా అనేవారు. ఆయనకు వేరే పేరు ఉన్నదన్న సంగతి రేషను కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

మొదటి పది నిమిషాలు మోకాళ్ల నొప్పులకూ, రక్తపోటు మాత్రలకూ, ఎవరి మనుమడు ఏ ఊరికి ఉద్యోగానికి వెళ్లాడన్న వార్తకూ చెల్లిపోయేవి. ఆ తరువాత ఎవరూ పనిగట్టుకుని మళ్లించకుండానే మాట ఫుట్‌బాల్ మీదికి పోయేది. టెలివిజన్‌లో అర్ధరాత్రి వచ్చే ఐరోపా ఆట కాదు. ఎప్పుడో అరవై డెబ్బై ఏళ్లనాడు దేశాన్ని గడగడలాడించిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు.

నేటి పాఠకులకు ఈ జట్టును పరిచయం చేయక తప్పదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకున్న జట్టు అది. 1950లో ఢిల్లీ డ్యూరాండ్ కప్పు ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. దాని వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. వృత్తి చేత బడిపంతులు. పోలీసు జట్టుకు శిక్షకుడై, 1963 జూన్‌లో క్యాన్సరుతో కన్నుమూసేదాకా దానిని విడువలేదు. భారత జట్టుకూ ఆయనే గురువు. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు ఆయన చేతి మీదుగానే వచ్చాయి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోల్స్‌తో ఓడించి సెమీ ఫైనల్ చేరింది. అంతకుముందు ఏ ఆసియా జట్టూ అంతదాకా పోలేదు. చివరకు నాలుగో స్థానం దక్కింది. ఇంత చేసిన మనిషిని దేశం చాలాకాలం మరిచిపోయింది. సెక్టర్ 2 బల్ల మరువలేదు.

చిత్రమేమంటే, ఆ ముగ్గురు తెలుగువారిలో ఇద్దరు ఆ జట్టు ఆట కంటితో చూడనే లేదు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా శ్రీకాకుళం వారికి హైదరాబాదు వేరే రాష్ట్రం. మరి వారికి ఈ పిచ్చి ఎలా అంటుకుంది? దాని పుణ్యం దాదాదీ, ఆయన దేశస్థులదీ.

సోవియట్ సాయంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959లో తొలి కొలిమి వెలిగిన ఈ ఊరికి దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. ఎవరి దేవుణ్ణి వారు తెచ్చుకున్నట్లే ఎవరి క్లబ్బును వారు తెచ్చుకున్నారు. హౌరా – బొంబాయి రైలు మార్గం మీది ఊరు కావడం చేత కలకత్తా కబుర్లకు కొరత ఉండేది కాదు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడిన మరునాడు మొదటి షిఫ్టులో బెంగాలీలు రెండు జట్లుగా చీలిపోయేవారు. ఒకరి ముఖం వెలిగిపోయేది, మరొకరు టిఫిను డబ్బా మూత తీసేవారు కారు. తెలుగువాళ్లు మధ్యలో నోరెళ్లబెట్టుకుని చూసేవారు.

వారికి నోరిచ్చినవాడు లాలాగూడ పెద్దాయన.

“మీ ఈస్ట్ బెంగాల్‌కు 1961లో కెప్టెన్ ఎవరు దాదా? తులసీదాస్ బలరాం. ఏ ఊరివాడు? సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ. నయీముద్దీన్ ఎవరు? హబీబ్ ఎవరు? అక్బర్ ఎవరు? బెంగాలు మొత్తం మా ఊరి కాళ్ల మీద నిలబడి ఉంది.”

అది అతిశయోక్తే. కాని పూర్తిగా అబద్ధం కాదు. 1976లో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద పదిహేడో సెకనులో గోల్ కొట్టిన అక్బర్ హైదరాబాదీ. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టును మోహన్ బగాన్ 2–2తో నిలువరించినప్పుడు ఒక గోల్ అక్బర్ అన్న హబీబ్‌ది. ఆ రాత్రి సెక్టర్ 2లో తెలుగువారు మిఠాయి పంచుకున్నారని డ్రాయింగ్ ఆఫీసు ఆయన చెప్పేవాడు. పంచింది తెలుగువారు కాదు, తానేనని దాదా సవరించేవాడు.

పెద్దాయన మాటలతో ఊరుకోలేదు. పడుచుదనంలో ఆదివారాలు కాలనీ పిల్లలను పోగుచేసి ఆట నేర్పాడు. రహీం హైదరాబాదులో విచిత్రమైన పోటీలు పెట్టేవాడు: బలహీనమైన కాలితో మాత్రమే బంతి తన్నాలి, బలమైన కాలు తగిలిందా, తప్పు. ఇంకొక పోటీలో బంతిని కాలి దగ్గర అట్టే పెట్టుకోరాదు, అందుకున్న వెంటనే మరొకరికి అందించాలి. పెద్దాయన సెక్టర్ 2లో అదే సూత్రం అమలు చేశాడు. కుడికాలు తగిలితే ఈల మోగేది. పిల్లలు మొదట పడీపడీ నవ్వారు. నెలరోజులు గడిచేసరికి ఎడమకాలికి కూడా తెలివి ఉందని కనిపెట్టారు. అందులో ఒక పిల్లవాడు, పేచీకోరు, “ఈ పోటీ పెట్టిన రహీం సాబ్ ఏ సెక్టర్‌లో ఉంటాడు అంకుల్?” అని అడిగాడట. అప్పటికి ఆయన పోయి పదేళ్లు దాటింది. “పక్క సెక్టరే” అన్నాడట పెద్దాయన.

ఇంతవరకూ అందరిదీ ఒకే మాట. అసలు తగవు మరొకచోట ఉంది. ఆ తగవు ఏళ్ల తరబడి సాగింది.

ఎవరు గొప్ప? కలకత్తా వెళ్లిపోయిన బలరామా, హైదరాబాదు పోలీసులోనే ఉండిపోయిన నూర్ మహమ్మదా? నూర్ 1952లోనూ, 1956లోనూ ఒలింపిక్స్ ఆడాడు. హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయిన జట్టులోనూ ఉన్నాడు, మెల్బోర్న్‌లో నాలుగో స్థానానికి చేరిన జట్టులోనూ ఉన్నాడు. బలరాం మెల్బోర్న్‌కు, ఆ తరువాత 1960లో రోముకు వెళ్లాడు. రోములో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. జబ్బు చేసి ఇరవయ్యేడేళ్లు నిండీ నిండకముందే ఆట మానవలసి వచ్చింది. పేద ఇంటి కుర్రవాడు శిక్షణకు సికింద్రాబాదు నుంచి రావడానికి సైకిలు అద్దె కూడా రహీం సాబే ఇచ్చాడని చెప్పుకుంటారు.

పెద్దాయన బలరాం పక్షం. ఫర్నేసు ఆయన నూర్ పక్షం. దాదా న్యాయాధిపతి, అందువల్ల తీర్పు ఎన్నడూ వచ్చేది కాదు.

“వెళ్లిపోయినవాళ్ల పేర్లే పత్రికలకు ఎక్కుతాయి అన్నయ్యా. ఉండిపోయినవాళ్లను అడిగేదెవరు?” అన్నాడొకనాడు ఫర్నేసు ఆయన. గొంతులో ఫుట్‌బాల్ కంటే మించినదేదో ఉంది. ఆయన పెద్దన్న ఊళ్లోనే ఉండిపోయాడు. రెండెకరాల భూమినీ, తల్లిదండ్రులనూ చూసుకుంటూ, తమ్ముడు పంపే మనియార్డరుకు వేలిముద్ర వేసి పుచ్చుకున్నాడు. ఊరివాళ్లు మాత్రం భిలాయి తమ్ముణ్ణే గొప్పగా చెప్పుకున్నారు.

పెద్దాయన వెంటనే బదులు చెప్పలేదు. ఆయన తండ్రి పోయిన కబురు టెలిగ్రాము రూపంలో వచ్చినప్పుడు ఆయన రాత్రి షిఫ్టులో ఉన్నాడు. లాలాగూడ చేరేసరికి దహనం అయిపోయింది.

“ఉండిపోతే బలరాం తినేదేమిటి తమ్ముడూ?” అన్నాడు చివరికి.

2023 ఫిబ్రవరి 16న బలరాం కోల్‌కతాలో మరణించాడు. ఎనభయ్యారేళ్లు. పత్రిక దాదా తెచ్చాడు. ఆట మానిన తరువాత కూడా బలరాం తిరిగి రాలేదు. గంగ ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడ్డాడు. “మా వాడు పోయాడు” అన్నాడు దాదా. “మా వాడు” అన్నాడు పెద్దాయన. ఆ సాయంత్రం అంతకుమించి మాటలు సాగలేదు.

ఆరునెలలు తిరిగేసరికి, ఆగస్టు 15న, హబీబ్ పోయాడు. ఆయన హైదరాబాదుకు తిరిగివచ్చి, అక్కడే కన్నుమూశాడు. ఫర్నేసు ఆయనకు ఒక ఆధారం దొరికినట్లయింది. “చూశారా, ఎంత పెద్ద ఆటగాడైనా చివరికి ఇంటికి వచ్చాడు.”

చివరి సంవత్సరాలలో హబీబ్‌కు జ్ఞాపకశక్తి క్షీణించిందని పత్రికలో ఉంది. పెద్దాయన ఆ ముక్క రెండుసార్లు చదివి, కాగితం మడిచి, “వచ్చాడు సరే. వచ్చిన సంగతి అతనికి తెలిసిందో లేదో” అన్నాడు.

డ్రాయింగ్ ఆఫీసు ఆయనకు తగవులంటే గిట్టదు. మధ్యేమార్గం వెతకడం ఆయన వృత్తిలోనే ఉంది కాబోలు. “పీటర్ తంగరాజ్‌ను మరిచిపోయారేం? హైదరాబాదులో పుట్టాడు. జకార్తా ఫైనల్‌లో గోల్ కాచాడు. 2008లో పోయింది ఎక్కడ? బొకారోలో. మనలాగే ఉక్కు ఊళ్లో” అన్నాడు. ఈ మూడవ దారి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఆనాటి నుంచి బల్ల మీద తంగరాజ్ పలుకుబడి బాగా పెరిగింది.

2024లో రహీం కథతో ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చినప్పుడు నలుగురూ కలిసి వెళ్లారు. జకార్తా ఫైనల్ ఘట్టం వస్తున్నంతసేపూ పెద్దాయన ముందు సీటు పట్టుకుని కూర్చున్నాడు. భారత్ 2, దక్షిణ కొరియా 1. పి.కె. బెనర్జీ ఒక గోల్. తలకు కుట్లతో రక్షణ శ్రేణి వదలి ముందుకు వచ్చి ఆడిన జర్నైల్ సింగ్ మరొక గోల్. ఫలితం అరవై రెండేళ్ల కిందటే తెలిసినా ఆయన చేతులు వణికాయి. తనకు బహుమానంగా స్వర్ణం కావాలని ఫైనల్ ముందు రహీం జట్టును అడిగాడని ఆనాటి ఆటగాళ్లు తరువాత చెప్పుకున్నారు. బయటకు వచ్చాక ఫర్నేసు ఆయన ఒకే ప్రశ్న వేశాడు: “నూర్ ఏడీ?” 1962 జట్టులో నూర్ లేడని దాదా ఎంత చెప్పినా ఆయన చిత్రాన్ని క్షమించలేదు.

హైదరాబాదు పేరుతో 2019లో కొత్త క్లబ్బు పుట్టింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు కూడా గెలిచింది. ఆ రాత్రి సెక్టర్ 2లో ఒక పాత ఈల మోగింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. “మనుషులు వలస పోవడం చూశాం. ఇప్పుడు జట్టుకు జట్టే పోయింది” అని దాదా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. ఆ వారమే హైదరాబాదు నుంచి కొడుకు ఫోను చేశాడు. భార్య పోయిన తరువాత క్వార్టరులో ఒక్కడే ఉంటున్నాడాయన. ఇక ఉండవద్దు, వచ్చేయమని కొడుకు పట్టు. అంతకుముందు మూడుసార్లు ఆయన కాదన్నాడు. ఈసారి కాదనలేదు.

బల్ల మీద ఆ కబురు చెప్పినప్పుడు ఎవరూ ఉండమనలేదు, వెళ్లమనలేదు. ఫర్నేసు ఆయన మాత్రం నాలుగు రోజులు రాలేదు. అయిదవ రోజు వచ్చి, సెక్టర్ 5 బాలాజీ గుడి ప్రసాదం పొట్లం పెద్దాయన చేతిలో పెట్టి కూర్చున్నాడు.

ఆఖరి సాయంత్రం పెద్దాయన ఒక మాట బయటపెట్టాడు. 1957లో సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాదులోనే జరిగింది. హైదరాబాదు బొంబాయిని ఓడించింది. పదేళ్ల పిల్లవాడిగా తండ్రి భుజాల మీద కూర్చుని ఆ ఆట చూశానని ఆయన ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాడు. జనం ఎలా లేచారో, గీత పక్కన రహీం సాబ్ ఎలా కదలకుండా నిలిచాడో వర్ణించేవాడు.

“ఈమధ్య ఆలోచిస్తే అనుమానం వస్తున్నది. ఆ రోజు నేను మైదానంలో ఉన్నానా, ఇంటికి వచ్చి మా నాన్న చెప్పగా విన్నానా అని. భుజాల మీద కూర్చోబెట్టుకోవడానికి పదేళ్లవాడు చిన్నపిల్లవాడేం కాదు.”

బల్ల మీద ఎవరూ మాట్లాడలేదు. ఫర్నేసు ఆయన కాసేపు నేల చూసి, “ఉన్నారు లెండి అన్నయ్యా. లేకపోతే మేమెలా చూశాం?” అన్నాడు.

మరునాడు దుర్గ్ స్టేషనులో సికింద్రాబాదు బండి కదలబోతుండగా ముగ్గురూ కిటికీ దగ్గర నిలబడ్డారు. చేతిసంచిలో పాత ఈల ఉన్నదో లేదో పెద్దాయన రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. తరువాత దానిని తీసి ఫర్నేసు ఆయన చేతికిచ్చాడు. బండి కదిలింది.

“నూర్ సంగతి నేనింకా ఒప్పుకోలేదు తమ్ముడూ” అని లోపలి నుంచి కేక వేశాడు. “ఆదివారం ఫోను చేస్తాను.”