రాసే చెయ్యి

మా హైస్కూలు గంట నిజానికి గంట కాదు, రైలు పట్టా ముక్క. ఆఫీసు గది ముందున్న వేపచెట్టుకి గొలుసుతో వేలాడేది. దాన్ని కొట్టే ఇనప ఊచ మాత్రం అటెండరు తాత దగ్గరే ఉండేది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్ళినా చంకలో పెట్టుకునే వెళ్ళేవాడు. అయినా ఒకసారి ఎవడో తుంటరి మూడో పీరియడులోనే రాయి తీసుకుని లాంగ్ బెల్లు కొట్టేశాడు. ఆరో తరగతి పిల్లలు సంచులు తగిలించుకుని ఇళ్ళకి పరుగో పరుగు. పెద్ద క్లాసుల వాళ్ళం కదల్లేదు. రాయి మోతేదో ఊచ మోతేదో అప్పటికే మాకు తెలుసు.

మాది తెనాలి తాలూకా. 1982-83లో నేను పదో తరగతి. ఆ ఏడు మాకు లెక్కలు చెప్పిన మేష్టారి ముఖం తలుచుకుంటే మసగ్గా వస్తుంది. తాత ముఖం మాత్రం చెక్కుచెదరలేదు. నోటీసు పుస్తకం పట్టుకుని తాత గుమ్మంలో నిలబడ్డాడంటే క్లాసంతా ఆయన మూతి వంకే చూసేది. మూతి బిగించుకుని ఉంటే ఫీజు. మీసం కాస్త అదిరిందా, సెలవు! ఆయనకి చదువు రాదు. పుస్తకంలో ఏముందో గుమాస్తాగారు చదివి వినిపిస్తేనే బయల్దేరేవాడు.

గుమాస్తాగారి గది జిగురూ కార్బను కాగితాలూ నశ్యమూ కలిసిన వాసన వేసేది. నెలాఖరున ఆయన జీతాల బిల్లు పట్టుకుని బస్సెక్కి ట్రెజరీకి వెళ్తే, సాయంత్రం ఆయన తిరిగొచ్చేదాకా మేష్టార్లు వరండాలోనే తచ్చాడేవాళ్ళు. "పాసయిందా అండీ?" "ఏదో అబ్జెక్షన్ రాశారండీ." పిల్లల్ని గడగడలాడించే మేష్టార్లు ఆ ఒక్కమాటకి నీరుగారిపోవడం చూడముచ్చటగా ఉండేది. మా పుట్టిన తేదీలు కూడా ఆయన చలవే. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఎవరికి తోచిన తేదీ వాళ్ళు చెప్పారు కాబట్టి మా క్లాసులో సగంమంది జూన్, జులైల్లోనే పుట్టాం. పబ్లిక్ పరీక్షకి నామినల్ రోల్స్ రాసేటప్పుడు ఆ తేదీల్నే ఆయన గుండ్రటి అక్షరాలతో మరోసారి దిద్ది ఖాయం చేసేశాడు.

ఆ రోల్స్‌లో ప్రతివాళ్ళకీ రెండు పుట్టుమచ్చలు రాయాలి. మగపిల్లల సంగతి తేలికే. ఆఫీసు ముందు వరసగా నిలబెట్టి, చొక్కాలు విప్పించి, ఒక్క పూటలో తేల్చేశారు. ఆడపిల్లల్ని మాత్రం లైబ్రరీ గదిలోకి పంపి, స్వీపరమ్మని తోడిచ్చారు. ఆవిడ పొద్దున్నే గదులన్నీ ఊడ్చి, వరండాల్లో నీళ్ళు చల్లి, వేపాకులు పోగేసి, అప్పుడే చేతులు కడుక్కుని వచ్చింది. తలుపు ఓరగా వేసి ఒక్కొక్కరి మెడా చేతులూ తిప్పి చూసి, బయట కుర్చీలో కూర్చున్న గుమాస్తాగారికి కేకేసి చెప్పేది. కుడి, ఎడమ అనే మాటలు ఆవిడ నోట రావు. "మెడ మీద ఒకటి బాబుగారూ, పెసరగింజంత!" "దీనికి రాసే చేతి మీద, మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన!" బయట గుమాస్తాగారు దాన్ని ఇంగ్లీషులో రాసుకునేవాడు.

నా వంతు వచ్చింది. "ఏ చేత్తో రాస్తావే?" అనడిగింది. చెయ్యి చాపి చూపించాను. "రాసే చేతి మీదే బాబుగారూ!" అని కేకేసింది. నాది పుర్రచేతి వాటం. ఆ ముక్క ఆవిడ చెప్పలేదు, గుమాస్తాగారు అడగలేదు, నాకూ తట్టలేదు.

ఇంతలో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దించారు. ఫిబ్రవరి 28, సోమవారం, ఒక్కరోజే మా హెడ్మాస్టరు గారూ, ఇద్దరు మేష్టార్లూ, గుమాస్తాగారూ దిగిపోయారు. పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి. ఉన్నపళంగా దండలు తెచ్చి మెళ్ళో వేశారు. ఉపన్యాసాలు ఎవరికీ ఎక్కలేదు. గుమాస్తాగారు తాళాలగుత్తి బల్ల మీద పెట్టి, నశ్యం డబ్బీ జేబులో వేసుకుని, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. ఎక్కి తొక్కలేదు.

తాత దిగలేదు. ఆయనది లాస్ట్ గ్రేడు, వాళ్ళకి అరవై. పేరుకే లాస్టు గానీ, మర్నాటి నుంచీ స్కూల్లో సంగతులన్నీ తెలిసినవాడు ఆయనొక్కడే. ఇన్‌ఛార్జి మేష్టారు ఏ రిజిస్టరు కావాలన్నా తాతనే పిలిచేవారు. చదువురాని తాత అట్టల్ని బట్టి తీసేవాడు. ఎర్ర ఖద్దరు అట్టది అడ్మిషన్లది, ఎలక కొరికినది టీసీలది, లావుపాటిది జీతాలది. పరీక్షలు ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా జరిగాయి, గంట తాతదే కాబట్టి. తర్వాత 1984లో ఆ రిటైర్మెంటు వయసు మళ్ళీ 58 చేశారు. అప్పటికి నేను ఇంటర్ చదువుతూ గుంటూరులో ఉన్నాను.

పదో తరగతి సర్టిఫికెట్టు తాతే రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని నా చేతికిచ్చాడు. నేను సంతకం పెడుతుంటే, "పుర్రచెయ్యా తల్లీ నీది!" అని నవ్వాడు. అప్పుడు చూసుకున్నాను, సర్టిఫికెట్టులో మచ్చ కుడి ముంజేతి మీద ఉంది. దిద్దించాలంటే హైదరాబాదు దాకా కాగితాలు నడవాలన్నారు. మా నాన్న, "పోనీలేమ్మా, మచ్చ నీ దగ్గరే ఉందిగా," అన్నాడు.

ఇంటర్లో చేరాను, డిగ్రీ అయింది, ఉద్యోగమొచ్చింది, పోయిన ఏడాది రిటైరయ్యాను. ప్రతిచోటా ఆ సర్టిఫికెట్టే చూపించాను. ఇంతవరకూ నా చెయ్యి తిప్పి చూసినవాళ్ళు ఆ స్వీపరమ్మ తప్ప ఇంకెవరూ లేరు.