పరీక్షకు వెళ్లని సాకే



జపాన్ వాళ్ల సాకే గురించి రాస్తున్నాం. మాలో ఎవరమూ తాగలేదని ముందే చెప్తున్నాం. అక్కడ 20 నిండితే తాగొచ్చు, మన దగ్గర 21 నిండాలి. మాకింకా 20. పైగా మా వార్డెన్ సార్ కూడా ఈ గ్రూపులో ఉన్నారు.

మా రూంలో ముగ్గురం. ఇద్దరం కోయలం, ఒకరు కొండరెడ్డి. మా హాస్టల్లోనే చదివిన ఒక అన్న ఇప్పుడు జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే పని చేస్తున్నాడు. ఈ చలికాలం ఆయన నీగాటా ప్రాంతంలో ఎచిగో యుజావా అనే రైల్వే స్టేషన్‌లో దిగాడు. స్టేషన్ లోపలే ఒక చోట గోడ పొడుగునా సాకే మిషన్లు ఉన్నాయంట. 500 యెన్‌లు కడితే ఒక చిన్న కప్పు, ఐదు టోకెన్లు ఇచ్చారు. ఏ మిషన్లో టోకెన్ వేస్తే ఆ ఊరి సాకే ఒక గుక్కెడు పడుద్ది. అన్న ఐదు రకాలు రుచి చూసి, ఒక్కోదానికి ఒక్కో వాయిస్ మెసేజ్ పెట్టాడు.

మొదటిది జున్‌మాయ్. బియ్యం, నీళ్లు, కోజి అనే బూజు, ఈస్టు, అంతే. "అన్నం ఉడికేటప్పటి వాసనరా, ఎనక కొంచెం పులుపు" అన్నాడు. రెండోది దైగింజో. అరటిపండు, ఆపిల్ వాసన వచ్చిందంట. పండు ఒక్కటీ వెయ్యరు, చలిలో నిదానంగా పులిసేటప్పుడు ఈస్టు తెచ్చే వాసన అది. దైగింజో అనిపించుకోవాలంటే బియ్యపు గింజను సగం దాకా అరగదీయాలి. గింజోకైతే 60 శాతం మిగిలినా చాలు. మా అమ్మమ్మ వింటే సగం బియ్యం పారేస్తారా అని తిట్టిపోసేది. పారెయ్యరులెండి, ఆ పిండి అప్పచ్చులకీ పశువుల దాణాకీ పోద్ది. మూడోది హోంజోజో, అందులో కొద్దిగా స్పిరిట్ కలుపుతారు. దాని మీద మెసేజ్ నాలుగు సెకన్లే: "తేలిగ్గా ఉంది." నాలుగోది నిగోరి, గంజిలా తెల్లగా ఉంటది. అన్నకి అదే నచ్చింది. ఐదోది ఏళ్ల తరబడి నిలవుంచిన కోషు. తేనె రంగులో, మాడిన బెల్లం పాకంలా ఉందన్నాడు.

మాలో కొండరెడ్డి వాడు అడిగాడు, బియ్యంలో తీపి లేదు కదా, మరి ఎట్టా పులుస్తది అని. అసలు పనంతా అక్కడే ఉంది. మన జీలుగు నీరాలో చక్కెర ముందే ఉంటది. గాల్లో ఉండే ఈస్టు, కుండకి పట్టి ఉండేదీ చాలు. బియ్యంలో ఉండేది పిండి. ఆవిరి మీద ఉడికించిన బియ్యం మీద కోజి చల్లితే అది పిండిని చక్కెర చేస్తది, ఈస్టు ఆ చక్కెరను మత్తు చేస్తది. రెండు పనులూ ఒకే తొట్టిలో ఒకేసారి జరుగుతాయి. అందుకే కాచకుండానే 20 శాతం దాకా ఎక్కుద్ది. తర్వాత నీళ్లు కలిపి 15, 16కి దించుతారు.

అన్నిటికంటే మమ్మల్ని పట్టుకున్నది వేరే సంగతి. జపాన్‌లో 1992 దాకా సాకేకి తరగతులు ఉండేవి: ప్రత్యేకం, ఒకటి, రెండు. అధికారులు రుచి చూసి తరగతి ఇచ్చేవాళ్లు, దాన్ని బట్టే పన్ను. పరీక్షకు పంపని సాకే ఎంత మంచిదైనా రెండో తరగతే. 1977లో మియాగి ప్రాంతంలోని ఇచినోకురా వాళ్లు కావాలనే పంపకుండా, సీసా మీద 'ముకాన్సా' అని రాసి అమ్మారు. పరీక్షించనిది అని అర్థం. ఇది మేము రెండుసార్లు చదివాం. కాలేజీలో ఊరి పేరు చెప్పగానే మాకొచ్చే మొదటి ప్రశ్న, "అక్కడ కల్లు బాగా దొరుకుద్దంట కదా?" రుచి చూడకుండానే తరగతి వేసేది జపాన్ ఆఫీసర్లే కాదు.

1899లో అక్కడి సర్కారు ఇంట్లో కాచుకోవడాన్నే నేరం చేసింది, పన్ను కోసం. రైతులు చేసుకునే దొబురోకు అనే చిక్కటి కల్లు దొంగసరుకైంది. హొక్కైదోలో ఐనూలని ఆదివాసులున్నారు. వాళ్లు ఊదల్లాంటి చిరుధాన్యంతో తోనోతో చేసి, ఇకుపాసుయ్ అనే చెక్కిన కర్రతో దేవుళ్లకు చుక్కలు చిలకరిస్తారు. మా తాత కొత్త కల్లు ముందు నేల మీద పెద్దల పేరున వదులుతాడు. తోనోతో కూడా ఆ చట్టం కిందకే వచ్చింది. 2003 నుంచి కొన్ని ప్రత్యేక ప్రాంతాల్లో దొబురోకుకి లైసెన్సులు ఇస్తున్నారు. 2024 డిసెంబర్‌లో యునెస్కో కోజితో సాకే చేసే విద్యను వారసత్వ జాబితాలో చేర్చింది. లైసెన్సు లేకుండా ఇంట్లో చేసుకుంటే మాత్రం ఇప్పటికీ నేరమే.

తాగుడును మెచ్చుకుంటున్నామనుకోకండి. మా ముగ్గురిలో ఒకరి నాన్న తాగుడుకే పోయాడు. కల్లు కాదు, దుకాణం సీసా. ఆయన పోయాక వాళ్లమ్మ ఇంట్లోకి కల్లు కూడా రానివ్వదు. ఆమె మాటకు మేము ఎదురు చెప్పం. సాకే పరీక్షించేవాళ్లు కూడా మింగరు. అడుగున రెండు నీలం గీతలు గుండ్రంగా ఉండే తెల్ల కప్పులో పోసి తేట చూస్తారు, నోట్లో పుక్కిలించి ఉమ్మేస్తారు.

వాళ్లకు వేడికి కూడా పేర్లున్నాయి. 5 డిగ్రీలైతే మంచు చలి, 10 అయితే పూల చలి, 35 అయితే మనిషి ఒంటి వేడి. మా తాతకు ఏ చెట్టు కల్లు ఏదో నోట్లో పోసుకుంటే తెలుస్తది. తెల్లారి దింపింది, పొద్దెక్కాక దింపింది, కొత్త కుండది, పాత కుండది. ఒక్కోదానికీ ఆయన దగ్గర ఒక మాటుంది. ఆ మాటల్ని సెలవుల్లో ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు వచ్చాయి. మీ ఊళ్లో పులిసిన కల్లునీ పులవనిదాన్నీ మీ భాషలో ఏమంటారో పెద్దవాళ్లనడిగి పంపండి. ఊరి పేరు, ఏ చెట్టు కల్లో కూడా రాయండి.